అవ్వ చేతిలో కాగితం



బిడ్డను బడిలో చేర్చే దరఖాస్తులో తండ్రి పేరు, తల్లి పేరు రాసే చోటు కింద సంరక్షకుల పేరు అని ఇంకొక వరుస ఉంటుంది. అమ్మానాయనల దగ్గర పెరిగే బిడ్డలకు ఆ వరుసతో పని పడదు. తమిళనాడులోని కెలమంగలం, దేన్కనికోట, రాయకోట చుట్టుపట్ల పల్లెల్లో ఆ వరుసలో అవ్వ పేరో తాత పేరో రాయించుకునే బిడ్డలు ఉన్నారు. కొందరి అమ్మానాయనలు హోసూరు ఫ్యాక్టరీలకో, బెంగళూరులో కట్టడం పనులకో పోయి, పండగకు వచ్చి చూసిపోతారు. కొందరికి తల్లి లేదు, నాయన వేరే పెళ్ళి చేసుకొని వేరే ఊళ్ళో ఉన్నాడు. కొందరికి ఇద్దరూ లేరు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బడిలో తమిళం మాట్లాడుతూ పెరిగే ఈ బిడ్డలకు నీళ్ళు పోసేది, సంగటి పెట్టేది, జ్వరమొస్తే ఆస్పత్రికి ఎత్తుకొని పోయేది అవ్వ. అయినా బడి దరఖాస్తులో పేరు పడినంత మాత్రాన ఆమె చట్టం దృష్టిలో సంరక్షకురాలు అయిపోదు. రేపు ఎవరైనా వచ్చి బిడ్డను తీసుకుపోతామంటే చూపించడానికి ఆమె చేతిలో కోర్టు కాగితం లేదు. ఈ పూట నా మాట దీని గురించే. బిడ్డను నిజంగా పెంచుతున్న మనిషికి చట్టం ఒప్పుకునే హోదా ఒకటి తొందరగా, పెద్ద ఖర్చు లేకుండా అందాలి. అది బిడ్డకు అవసరం. అవ్వాతాతల హక్కు అని మొదలుపెడితే ఆ వాదం మొదటి అడుగులోనే దారి తప్పుతుంది.

ఎందుకు తప్పుతుందో చట్టం చూస్తే తెలుస్తుంది. మన దేశంలో ఏ మతంవాళ్ళయినా బిడ్డ సంరక్షకత్వం కోసం వెళ్ళేది 1890 నాటి సంరక్షకుల చట్టం కిందనే. బిడ్డకు బంధువైనా, ఆఖరికి స్నేహితుడైనా పిటిషన్ వెయ్యొచ్చని దాని 8వ సెక్షన్ చెబుతుంది. అంటే అవ్వాతాతలకు తలుపు తెరిచే ఉంది. కానీ 19వ సెక్షన్ దగ్గర ఆ తలుపు సన్నబడుతుంది. తండ్రి బతికి ఉండి, అనర్హుడు కాదని కోర్టు అనుకుంటే, ఇంకొకరిని సంరక్షకులుగా నియమించకూడదు అంటుందది. ఆ మాటలో తల్లిని కూడా చేర్చడానికి 120 ఏళ్ళు పట్టింది, 2010లో చేర్చారు. హిందువులకు 1956లో వచ్చిన మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో సహజ సంరక్షకులు తండ్రి, ఆయన తర్వాత తల్లి. అవ్వ, తాత అన్న మాటలు ఆ వరుసలో లేవు. దీని పక్కన 2007లో వచ్చిన వృద్ధుల పోషణ చట్టాన్ని పెట్టి చూడండి. పెద్దయిన మనవడూ మనవరాలూ అవ్వాతాతలకు తిండి పెట్టాల్సిందేనని ఆ చట్టం స్పష్టంగా చెప్పింది. మనవడు పెరిగాక అవ్వకు బాకీ ఉంటాడు, అతన్ని పెంచే రోజుల్లో మాత్రం అవ్వకు పేరు లేదు. రెండు చట్టాలూ ఒకే ఇంటి గురించి మాట్లాడుతున్నాయి. ఈ తేడా ఎందుకని అడగడం న్యాయమే.

అసలు కన్నా వడ్డీ ముద్దు అని మనవళ్ళ గురించి మనకొక సామెత ఉంది. ప్రేమగా అనే మాటే. కానీ అసలు, వడ్డీ రెండూ సొమ్ము మాటలు. బిడ్డల కేసుల్లో కోర్టులు యాభై ఏళ్ళుగా కొట్టిపారేస్తున్నది ఈ సొమ్ము ఆలోచననే. 1973లో మద్రాసు నుంచి వెళ్ళిన ఒక భార్యాభర్తల కేసులో సుప్రీంకోర్టు పిల్లలు తల్లిదండ్రుల సొత్తు కారు, ఆటబొమ్మలూ కారు అని తేల్చి చెప్పింది. ఆ మాట తల్లిదండ్రులకు ఎంత వర్తిస్తుందో అవ్వాతాతలకూ అంతే వర్తిస్తుంది. మా కూతురి బిడ్డ కాబట్టి మాది, మా కొడుకు రక్తం కాబట్టి మాది అని కోర్టులో నిలబడితే, అటు పక్క నిలబడ్డ తండ్రి కూడా అదే మాట ఇంకా గట్టిగా అంటాడు. రక్తసంబంధం తూకం వేస్తే తండ్రి వైపే ముల్లు మొగ్గుతుంది. అవ్వ గెలిచిన కేసులు చూడండి. ఆమె గెలిచింది పెంపకం మీద.

2008లో బెంగాల్ నుంచి వచ్చిన కేసు ఇలాంటిదే. పెళ్ళయిన కూతురు అత్తింట చనిపోయింది. అల్లుడి మీద క్రిమినల్ కేసు నడుస్తోంది. పసిబిడ్డ అమ్మమ్మ, తాతల దగ్గరికి చేరాడు. తండ్రి సహజ సంరక్షకుడు గనక బిడ్డను అతనికి అప్పగించాలని కింది కోర్టూ హైకోర్టూ అన్నాయి. సుప్రీంకోర్టు ఆ తీర్పులను పక్కన పెట్టింది. తల్లి చావు గురించే తండ్రి మీద కేసు ఉన్నప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఎలా తేలుస్తారని అడిగింది. 1890 చట్టంలోని 17వ సెక్షన్ సంరక్షకుడి నడత చూడమంటుంది, బిడ్డకు తెలివితో చెప్పే వయసుంటే బిడ్డ ఇష్టమూ అడగమంటుంది. న్యాయమూర్తులు ఆ బిడ్డను తమ గదికి పిలిచి అడిగారు. తండ్రి దగ్గరికి పోనన్నాడు. మరుసటి ఏడు, 2009లో, ఇండోర్ నుంచి ఇంకొకటి వచ్చింది. ప్రసవంలో తల్లి పోయింది, నెలలు నిండకుండా పుట్టిన ఆడబిడ్డను అమ్మమ్మ సాకింది. అందులో తండ్రి మీద హత్యా నేరం లాంటిదేమీ లేదు. అయినా పుట్టిన నాటి నుంచీ తెలిసిన ఒకే ఒక ఒడి నుంచి బిడ్డను తీస్తే బిడ్డకు కలిగే నష్టం పెద్దదని చెప్పి, సుప్రీంకోర్టు అమ్మమ్మ దగ్గరే ఉంచింది. నా దృష్టిలో ఈ రెండో కేసుకే బరువెక్కువ. తండ్రి చెడ్డవాడని రుజువు చెయ్యాల్సిన పని లేకుండానే అవ్వ పెంపకానికి విలువ కట్టిన తీర్పు అది. మన పల్లెల్లో ఎక్కువ ఇళ్ళలో చెడ్డ తండ్రి ఉండడు. దూరంగా ఉన్న తండ్రి ఉంటాడు.

దీనికి ఎదురు వాదం బలమైనదే. కష్టం వచ్చినప్పుడు బిడ్డను అవ్వ దగ్గర వదిలిపెట్టిన నాయన, కష్టం తీరాక తన బిడ్డను తాను తెచ్చుకోకూడదా? వదిలిన ప్రతి నెలా అతని మీద నేరంగా లెక్కపడితే రేపు కూలికి పోయే ఏ తల్లీ బిడ్డను అవ్వ దగ్గర వదలదు. 2019లో మహారాష్ట్ర నుంచి వచ్చిన కేసులో తల్లి క్యాన్సర్‌తో పోయింది, తండ్రి అంతకు ముందు క్షయ ముదిరి ఆస్పత్రిలో ఉన్నాడు, ఏడాది దాటిన పసిబిడ్డ తల్లి అక్కచెల్లెళ్ళ చేతుల్లో ఉంది. తండ్రి కోలుకొని వచ్చి అడిగాడు. సుప్రీంకోర్టు అతనికే ఇచ్చింది. నేను ఆ తీర్పును తప్పుపట్టను. రోగం వల్ల దూరమవడం విడిచిపెట్టడం కాదు, బిడ్డ కూడా మళ్ళీ అలవాటు పడగల వయసులో ఉంది. ఈ తీర్పునూ ఇండోర్ తీర్పునూ పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి కొట్టేసినట్టు కనిపిస్తాయి, కానీ రెండింటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే: ఈ బిడ్డ రోజులు ఎవరితో గడిచాయి, ఎన్నాళ్ళు గడిచాయి, ఇప్పుడు తీస్తే తెగేది ఎంత? కూలికి పోయి నెలనెలా డబ్బు పంపి, పండగకు వచ్చి, ఫోనులో మాట్లాడిన నాయన ఈ ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పగలడు. ఎనిమిదేళ్ళు తొంగి చూడని నాయన చెప్పలేడు.

ఇక అవ్వాతాతలే ఓడిపోయిన తెలుగువాళ్ళ కేసు ఒకటి ఉంది. దాన్ని దాచిపెట్టి ఈ వాదం చేస్తే నిజాయితీ కాదు. 2006లో బిడ్డ పుట్టిన మూడు నెలల లోపే తండ్రి చనిపోయాడు. మరుసటి ఏడు తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. 2008లో తండ్రి తరఫు తాతా నానమ్మలు సంరక్షకత్వం కోరారు. పసిబిడ్డను తల్లి నుంచి వేరు చెయ్యడం తగదని కింది కోర్టు పిటిషన్ కొట్టేసి, చూసివచ్చే వీలు మాత్రం కొంత ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తల్లి పక్షమే అంటూనే, బిడ్డకు చనిపోయిన తండ్రి ఇంటిపేరు తిరిగి పెట్టాలనీ, కాగితాల్లో రెండో భర్తను మారుతండ్రిగా చూపాలనీ ఆదేశించింది. 2022 జులైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు దినేశ్ మాహేశ్వరి, కృష్ణమురారి ఆ ఆదేశాన్ని రద్దు చేస్తూ, ఒక బిడ్డ కాగితాల మీద మారుతండ్రి అని రాయించడం క్రూరమైన పని అన్నారు. తండ్రి పోయాక తల్లే సహజ సంరక్షకురాలు, ఇంటిపేరు ఆమె నిర్ణయం. సముద్రం అవతల కూడా ఇదే కథ నడిచింది. తండ్రి చనిపోయి, తల్లి ఇంకొకరిని పెళ్ళాడిన ఇంట్లో, మనవరాళ్ళను ఇంకా ఎక్కువ రోజులు చూడాలని తండ్రి తరఫు పెద్దవాళ్ళు వాషింగ్టన్ రాష్ట్ర కోర్టుకు పోతే, 2000లో అమెరికా సుప్రీంకోర్టు తల్లి మాటకే విలువ ఇచ్చింది. కొడుకు పోయిన ముసలివాళ్ళ దుఃఖం చిన్నది కాదు, కొడుకు ఆనవాలు ఆ బిడ్డలోనే కనిపిస్తుంది వాళ్ళకు. అయినా ఇంటిపేరు నిలవాలని బిడ్డను అడిగితే అది బిడ్డ కోసం అడిగినట్టు కాదు. పెంచే తల్లి ఉన్న చోట సంరక్షకత్వం కోరడం తప్పు, చూసివచ్చే వీలు కోరడం ఒప్పు. ఈ రెండింటినీ వేరు చేసి చెప్పే వకీలు దొరికితే ముసలివాళ్ళ ఆయుష్షులో చాలా ఏళ్ళు కోర్టు వరండాలో కరగవు.

అవ్వాతాతల మీద అందరూ అనే ఇంకో మాట వయసు. వీళ్ళు ఎన్నాళ్ళుంటారు, వీళ్ళ సంపాదన ఎంత? దీనికి 2022 జూన్‌లోనే సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. అహ్మదాబాదులో ఒక చిన్నవాడి తల్లీతండ్రీ ఇద్దరూ 2021లో కోవిడ్‌తో పోయారు. తాతకు 71, నానమ్మకు 63. తల్లి తోబుట్టువుకు 46, ప్రభుత్వోద్యోగం. సంపాదన, వయసు, పెద్ద కుటుంబం చూసి గుజరాత్ హైకోర్టు ఆ తోబుట్టువుకు అప్పగించింది. ఆదాయం, వయసు మాత్రమే కొలమానం కాకూడదని చెప్పి సుప్రీంకోర్టు తాతా నానమ్మలకు ఇచ్చింది. ఫలితం మంచిదే కానీ అందులో ఒక మాట నాకు ఒప్పుదల కాదు. మన సమాజంలో తండ్రి తరఫు పెద్దవాళ్ళే మనవణ్ణి మెరుగ్గా చూసుకుంటారన్నట్టు కోర్టు అంది. మేనరికాలు చేసుకునే మన హోసూరు చుట్టుపట్ల మొరసునాడులో ఆ గీత ఎక్కడ గీస్తారు? అమ్మమ్మ నాయనకు మేనత్త అవుతుంది, తాత అమ్మకు మేనమామ అవుతాడు. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో బిడ్డకు అమ్మమ్మ తన నాయనకు తోబుట్టువే. బిడ్డ ఎవరి కోసం నిద్రలో చెయ్యి చాపుతుందో అడగాలి గానీ, ఏ తరఫు అని అడిగితే జవాబు రాదు. వయసు విషయంలో కూడా అనుమానం పూర్తిగా పోదు. డెబ్భై దాటిన తాతకు సంరక్షకత్వం ఇచ్చేటప్పుడు, ఆయన తర్వాత ఎవరు అన్నది ఆ ఉత్తర్వులోనే రాయించుకోవడం మంచిది. మేనమామో పెద్దమ్మో కోర్టు ముందు ఒప్పుకుంటే వయసు అడ్డం కాదు.

డబ్బు కోసమే అడుగుతున్నారన్న అనుమానం అన్నిటికన్నా చేదు. హోసూరు, శూలగిరి, కృష్ణగిరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద నాయన ప్రమాదంలో పోతే నష్టపరిహారం వస్తుంది. ఫ్యాక్టరీ పనివాడైతే పీఎఫ్ ఉంటుంది. బిడ్డ ఎవరి దగ్గరుంటే డబ్బు వాళ్ళదని పల్లెల్లో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మైనర్ వాటాను బిడ్డకు 18 ఏళ్ళు నిండేదాకా బ్యాంకులో డిపాజిట్ చేయించడం ప్రమాద పరిహారాల్లో కోర్టులకు అలవాటే. బిడ్డ ఆస్తికి కోర్టు నియమించిన సంరక్షకులు కోర్టు అనుమతి లేకుండా స్థిరాస్తిని అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. బిడ్డ పెంపకానికి ఒకరిని, బిడ్డ ఆస్తికి వేరొకరిని సంరక్షకులుగా పెట్టవచ్చు. నిజంగా బిడ్డనే కోరే అవ్వ తన పిటిషన్‌లోనే ఆ మాట రాయించాలి. బిడ్డను నాకివ్వండి, డబ్బు బ్యాంకులో ఉంచండి అంటే ఎదుటివాడి సగం వాదం అక్కడే పడిపోతుంది.

ఇంటి గొడవను కోర్టుకెందుకు, ఊరి పెద్దలు నలుగురు కూర్చుని తేలుస్తారు కదా అనేవాళ్ళూ ఉన్నారు. పెద్దల మాటకు ఊళ్ళో బలం ఉంది, ఊరి పొలిమేర దాటితే లేదు. మన పొలిమేర మామూలుది కాదు.  కెలమంగలం తమిళనాడులో ఉంది, కూలికి పోయే బెంగళూరు కర్ణాటకలో ఉంది. రాత్రికి రాత్రి బిడ్డను బస్సెక్కించుకొని అత్తిబెలె దాటితే కేసు ఎక్కడ వెయ్యాలన్నదే పెద్ద తగాదా. బిడ్డ మామూలుగా నివసించే చోటి కోర్టుకే అధికారమని 1890 చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. ఎత్తుకుపోయిన ఊరు ఆ పూటకే బిడ్డ ఊరు కాదు. కానీ ఈ బిడ్డ మామూలుగా ఉండేది కెలమంగలంలో అని చూపేది ఊరి పెద్ద మాట కాదు, బడి రిజిస్టరు. అక్కడే పంచాయితీ ఆగిపోతుంది. బిడ్డను చూడనిచ్చే రోజుల గురించి, ఖర్చుల గురించి పెద్దలు మాట్లాడి ఒప్పించడం మంచిదే. ఆ ఒప్పందాన్ని కోర్టు ఉత్తర్వుగా మార్చుకోకపోతే అది పెద్దల ఆయుష్షంత కాలమే నిలుస్తుంది.

అసలు లోటు నాకు కనిపించేది ఇక్కడ. మన చట్టంలో అవ్వకు పూర్తి సంరక్షకత్వమైనా రావాలి, లేకపోతే ఏమీ లేదు. కూలికి పోయిన అమ్మానాయనలు బతికి, మంచివాళ్ళై ఉండగా, బిడ్డను పెంచే అవ్వకు బ్యాంకులో, ఆస్పత్రిలో, బడిలో సంతకానికి పనికొచ్చే మధ్య హోదా లేదు. ఇంగ్లండులో 2005 నుంచి ప్రత్యేక సంరక్షకత్వం అని ఒకటి అమల్లో ఉంది. దాని కింద బిడ్డ రోజువారీ నిర్ణయాలన్నీ పెంచేవాళ్ళవే, తల్లిదండ్రుల బంధం మాత్రం చట్టంలో తెగదు. ఫ్రాన్సు సివిల్ కోడ్ ఇంకో దారిలో వెళ్ళి, అవ్వాతాతలతో సంబంధం నిలుపుకోవడం బిడ్డ హక్కు అని రాసుకుంది. ఎవరి హక్కో గమనించండి. మన లా కమిషన్ కూడా 2015లో జస్టిస్ ఎ.పి. షా అధ్యక్షతన ఇచ్చిన 257వ నివేదికలో ఉమ్మడి సంరక్షణతో పాటు అవ్వాతాతలతో గడిపే సమయం గురించి మార్గదర్శకాలు రాసింది. ఆ నివేదికను చట్టంగా మలిస్తే ఈ మధ్య హోదాకు కూడా అందులో చోటు చెయ్యవచ్చు. దానివల్ల తల్లిదండ్రుల హక్కు పలచబడుతుందని భయపడే వాళ్ళకు నా జవాబు ఒకటే. మధ్య దారి లేకపోబట్టే అవ్వ ఈ రోజు అల్లుణ్ణి అనర్హుడని కోర్టులో నిందించాల్సి వస్తోంది. 19వ సెక్షన్ ఆమెను ఆ దారికే నెడుతోంది. నింద పడ్డాక ఆ రెండిళ్ళ మధ్యా బిడ్డ ఎవరి చెయ్యి పట్టుకొని నడుస్తుంది?

చట్టం మారేదాకా ఉన్నవి వాడుకోవాలి. జబ్బుతో ఉన్న ఒంటరి తల్లి తన తర్వాత బిడ్డకు అవ్వే సంరక్షకురాలని వీలునామా రాయవచ్చు, హిందూ చట్టం 9వ సెక్షన్ దానికి చోటిచ్చింది. ఇద్దరూ లేని బిడ్డ విషయంలో జిల్లా బాలల సంక్షేమ కమిటీ దగ్గరికి పోవచ్చు, 1098కి ఫోను చేస్తే దారి చెబుతారు. బంధువుల దగ్గర పెరిగే అనాథ బిడ్డలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. కోవిడ్‌లో ఇద్దరినీ పోగొట్టుకొని బంధువుల ఇంట పెరిగే బిడ్డలకు 18 ఏళ్ళు వచ్చేదాకా నెలకు 3,000 ఇస్తామని తమిళనాడు ప్రభుత్వం 2021 మేలో ప్రకటించింది. కోర్టుకు పోక తప్పనప్పుడు వకీలు ఫీజు చూసి వెనక్కి తగ్గవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇవ్వాలి, ఫోను నంబరు 15100. కాబట్టి పిటిషన్ తాత పేరు మీదే వెయ్యాలని లేదు, అవ్వ పేరు మీద వేస్తే ఈ వీలు నేరుగా దొరుకుతుంది. కృష్ణగిరి కోర్టులో కాగితాలు తమిళంలో ఉండవచ్చు. తెలుగే తెలిసిన అవ్వ సంతకం పెట్టే ముందు ప్రతి మాటా తెలుగులో చదివి చెప్పమని అడగాలి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఇక ఆ కోర్టులో ఆమె పెంపకానికి సాక్ష్యం చెప్పేవి చాలా చిన్న కాగితాలు. టీకాల కార్డు, ఆస్పత్రి చీటీలు, బడిలో చేర్చిన రసీదు, ప్రోగ్రెస్ కార్డు మీద తాను వేసిన వేలిముద్ర. వాటిని ఒక సంచిలో వేసి, తేదీల వరుసన, ఇంట్లో పట్టాకాగితాలు దాచుకునే చోటే దాచుకోవాలి.